మా ఇంట్లో సెప్టెంబర్ 17

 

ఈసారి ఒక తారీఖు గురించి రాస్తున్నాను. మా చిన్న బిడ్డ సాల్‌గిరా సెప్టెంబర్ 17. 2010లో పుట్టింది. రమ్జాన్ ఈద్ అయి అప్పటికి వారం కూడా కాలేదు. షీర్ ఖుర్మా కోసం తెచ్చిన సేమ్యా ఇంకా సగం డబ్బాలోనే ఉంది. ఆ రోజు జుమా. మగవాళ్లంతా నమాజుకు పోయిన టైములో పుట్టింది కాబట్టి, చెవిలో అజాన్ చెప్పడానికి వాళ్ల అబ్బా వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. అమ్మీ బిడ్డను చేతుల్లోకి తీసుకుని, "ఇయ్యాల తారీఖెంత?" అని నర్సమ్మని అడిగింది. పదిహేడు అని ఆమె చెప్పగానే అమ్మీ మొహం దిగిపోయింది. "జుమా, పదిహేడు" అని తనలో తానే అనుకుంది. ఆడపిల్ల అని చిన్నబుచ్చుకుందేమో అనుకున్నాను. మా అమ్మీ అలాంటి మనిషి కాదు. అయినా అలసటలో ఉన్నాను కదా, అనుకున్నాను, కోపం కూడా తెచ్చుకున్నాను. ఆ రోజు ఆమె మనసులో ఏం లెక్క నడిచిందో తెలియడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది.

2022లో బిడ్డ ఏడో తరగతి. సోషల్ టీచర్ ఒక ప్రాజెక్టు ఇచ్చింది. ఎవరి పుట్టినరోజు ఏ తారీఖో ఆ తారీఖున చరిత్రలో ఏం జరిగిందో పది సంగతులు, ఆ రోజు పుట్టిన ప్రముఖులు ఐదుగురు, బొమ్మలు అంటించి చార్టు చెయ్యాలి. సోమవారం ఇవ్వాలి. ఆ ఏడు సెప్టెంబర్ 17 శనివారం పడింది. సాయంత్రం మగ్రిబ్ తర్వాత కేకు, పొద్దంతా చార్టు పని. హాల్లో చాప పరిచి, కత్తెర, గమ్, స్కెచ్ పెన్నులు ముందేసుకుని కూర్చున్నాం. అమ్మీ తన మంచం మీద తస్బీహ్ తిప్పుతూ మమ్మల్నే చూస్తోంది. పిల్లల అబ్బా టీవీ ముందు ఉన్నారు.

ముందు పుట్టినవాళ్ల పని పట్టాం, అది తేలిక అని. మా బిడ్డకు క్రికెట్ పిచ్చి. రవిచంద్రన్ అశ్విన్ అదే తారీఖున పుట్టాడని ఫోన్‌లో చూసి ఎగిరి గంతేసింది. పెద్ద ఫోటో ఆయనదే. పెరియార్ 1879లో ఈరోడ్‌లో పుట్టాడు. కులం మీద, మూఢనమ్మకాల మీద బతుకంతా కొట్లాడిన మనిషి. తమిళనాడు ప్రభుత్వం 2021 నుంచి ఆయన పుట్టినరోజును సామాజిక న్యాయ దినంగా జరుపుతోంది. ప్రధాని నరేంద్ర మోదీ 1950లో వాద్‌నగర్‌లో పుట్టారు. ఆ రోజు టీవీలో నమీబియా నుంచి విమానంలో తెచ్చిన ఎనిమిది చీతాలను ఆయన కూనో అడవిలో వదలడం చూపిస్తున్నారు. మా బిడ్డ ఆయన ఫోటో కన్నా చీతా బొమ్మ మీద ఎక్కువ మనసు పెట్టింది. గీసింది కూడా. కొంచెం పిల్లిలా వచ్చింది.

నాలుగో పేరు నేనిచ్చాను. మఖ్బూల్ ఫిదా హుసేన్. 1915లో పండరీపురంలో పుట్టాడు. బొంబాయిలో సినిమా హోర్డింగులు గీస్తూ మొదలుపెట్టి అంత పెద్ద చిత్రకారుడైనవాడు. మన హైదరాబాద్ ఆయనకు ఇష్టమైన ఊరు. బంజారా హిల్స్‌లో సినిమా ఘర్ పేరుతో ఒక మ్యూజియం కూడా కట్టాడు. చెప్పుల్లేకుండా తిరిగే తెల్లగడ్డం ముసలాయన అంటే మా ముందుతరం హైదరాబాదీలకు వెంటనే తెలుస్తుంది. కేసులు, బెదిరింపులు ఎక్కువై 2006లో దేశం విడిచిపోయాడు. 2010లో ఖతర్ పౌరసత్వం తీసుకున్నాడు. 2011లో లండన్‌లో కన్నుమూశాడు, దఫన్ కూడా ఆ దేశంలోనే. ఆయన గీసిన మదర్ థెరిసా బొమ్మల్లో చీర ఉంటుంది, చేతులుంటాయి, ఒళ్లో పిల్లలుంటారు. మొహం మాత్రం ఉండదు. ఆయనకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. అమ్మ మొహం ఎలా ఉంటుందో ఆయనకు యాదే లేదు. ఈ మాట బిడ్డకు చెబుతున్నప్పుడు అమ్మీ తస్బీహ్ ఆగింది. "ఫోటో కూడా లేదా?" అని అడిగింది. లేదన్నాను. మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. నేను పెద్దగా పట్టించుకోలేదు.

తర్వాత సంగతుల జాబితా. 1787లో అమెరికా రాజ్యాంగం మీద 39 మంది సంతకాలు పెట్టింది ఈ రోజే. డాలస్‌లో ఉన్న మా ఆడబిడ్డ పిల్లలు స్కూల్లో ప్రతి ఏడూ ఇది జరుపుకుంటారు. 1939లో పోలెండ్ మీదికి తూర్పు వైపు నుంచి సోవియట్ సేనలు వచ్చిపడ్డాయి. 1976లో నాసా తన మొదటి షటిల్ ఎంటర్‌ప్రైజ్‌ని జనానికి చూపించింది. 1978లో ఈజిప్టు సాదాత్, ఇజ్రాయిల్ బెగిన్, మధ్యలో అమెరికా కార్టర్ కూర్చుని క్యాంప్ డేవిడ్ ఒప్పందాల మీద సంతకాలు చేశారు. సరిగ్గా నాలుగేళ్ల తర్వాత, 1982లో ఇదే తారీఖున బీరూట్‌లో సబ్రా, షతీలా శరణార్థి శిబిరాల్లో ఫలస్తీనీలను ఊచకోత కోస్తున్నారు. 16న సాయంత్రం మొదలై 18 పొద్దుటి దాకా సాగింది. రెండూ రాయమన్నాను. సుల్హ్ మీద సంతకం, ఖతల్, ఒకటే తారీఖు. బిడ్డ రెండూ పక్కపక్కన రాసి నా మొహం చూసింది, ఏమైనా చెబుతానేమోనని. నేనేం చెప్పను?

ఎక్కువ ఏళ్లు విశ్వకర్మ పూజ కూడా ఇదే తారీఖున వస్తుంది. మా గల్లీ చివర వడ్రంగి షాపులో ఆ రోజు రంపాలు, ఉలులు కడిగి పసుపు కుంకుమ పెడతారు. మాకు లడ్డూలు పంపుతారు. ఆ లడ్డూ తింటూనే ఎనిమిది సంగతులు అయిపోయాయి.

"మమ్మీ, అసలుది మర్చిపోయావ్" అంది బిడ్డ.

మర్చిపోలేదు. కావాలనే వదిలేశాను. టీవీలో ఆ రోజంతా అదే. సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్ర హోం మంత్రి జెండా ఎగరేసి విమోచన దినం అన్నారు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ముఖ్యమంత్రి జెండా ఎగరేసి జాతీయ సమైక్యతా దినం అన్నారు. ఒకే ఊరు, ఒకే పొద్దున, రెండు జెండా వందనాలు. కొందరు విలీనం అంటారు, కొందరు విద్రోహం అంటారు. మహారాష్ట్రలో మరాఠ్వాడా ముక్తి సంగ్రామ్ దినం. కర్ణాటకలో కల్యాణ కర్ణాటక ఉత్సవం. తర్వాత 2024లో మన దగ్గర ప్రభుత్వం మారాక ప్రజా పాలన దినం అని ఇంకో పేరు వచ్చి చేరింది. నిజాం రాజ్యం మూడు ముక్కలైంది, తారీఖుకు మాత్రం ముక్కల కన్నా ఎక్కువ పేర్లు.

"రాజకీయాలు మనకొద్దు బేటా, వేరేది వెతుకు" అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆ వారంలో క్లాసులో ఒక అబ్బాయి అడిగాడంట, "మీ వాళ్లు రజాకార్లా?" అని. నవ్వుతూనే అడిగాడంట. "కాదని చెప్పాను. మనం కాదు కదా మమ్మీ?"

నా గొంతులో మాట ఆగిపోయింది. పిల్లల అబ్బా టీవీ సౌండ్ తగ్గించారు. మాకు ముగ్గురు మామూలు. పెద్ద మామూ పోలీస్ యాక్షన్‌లో పోయాడని చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చాను. ఎలా పోయాడని అడిగితే ఖాలాలు మాట మార్చేవారు. ఒకసారి ఎవరి నికాహ్‌లోనో, చిన్న ఖాలా చెవిలో చెప్పినట్టుగా చెప్పింది, ఆయన ఖాకీ వేసుకున్నాడని. ఆ మాటని నేను అక్కడే పాతిపెట్టాను. నా పిల్లలకు చెప్పలేదు, నా బ్లాగులో ఎన్నడూ రాయలేదు. పోలీస్ యాక్షన్ జుల్మ్ గురించి మాత్రం రెండుసార్లు రాశాను. పాత పాఠకులకు యాద్ ఉండొచ్చు.

"కాదు" అనబోయాను. మంచం మీద నుంచి అమ్మీ అంది, "అబద్ధం చెప్పకు, ఈద్‌కి పుట్టిన పిల్లకి."

తర్వాత ఆమె చెప్పింది దక్కనీలో. యాదున్నంత వరకు తెలుగులో పెడుతున్నా.

అమ్మీవాళ్లది జహీరాబాద్ దగ్గర ఒక పల్లె. ఆ ప్రాంతం అప్పట్లో బీదర్ జిల్లా, 1956 తర్వాతే మెదక్‌లోకి వచ్చింది. అమ్మీకి తొమ్మిదేళ్లు. నానా దర్జీ. హిందువుల పెళ్లి అంగీలు, ముస్లిముల షేర్వానీలు అన్నీ ఆయన మిషన్ కిందే తయారయ్యేవి. పెద్ద మామూకి పందొమ్మిదేళ్లు, పని లేదు. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ ఉపన్యాసాలు విని వచ్చిన కుర్రాళ్లు ఊళ్లో దళం పెట్టారు. మామూ చేరాడు. ఖాకీ అంగీ నానా కుట్టనన్నాడు. వేరే ఊళ్లో కుట్టించుకొచ్చాడు.

"వాడు మంచోడే అని నేననను" అంది అమ్మీ. "ఒకసారి రాత్రి జొన్నల మూట తెచ్చాడు. ఇవి ఎవరివి అని అబ్బా అడిగాడు. చెప్పలేదు. అబ్బా ఆ గింజ ఇంట్లో వండనియ్యలేదు. అమ్మీ దాన్ని గాదె వెనక పెట్టింది. మూట అక్కడే ఉంది, ఎవ్వరం ముట్టలేదు. రోజూ కనపడేది."

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం షోలాపూర్ దారిన లోపలికొచ్చింది. 16న జహీరాబాద్ వైపు వచ్చింది, 17 తెల్లవారుజామున బీదర్‌లో అడుగుపెట్టింది. ఆ 17 జుమా. పొద్దున మామూ ఖాకీ అంగీ విప్పి పెరట్లో వేపచెట్టు కింద గుంత తీసి పూడ్చాడు. అమ్మీ చూసింది. స్నానం చేసి, నానా కుట్టిన తెల్ల కుర్తా వేసుకుని, జుమాకి పోయొస్తానని బయల్దేరాడు. గడప దగ్గర అమ్మీ జడ లాగి పోయాడంట. అంతే, తిరిగి రాలేదు. మయ్యత్ దొరకలేదు, జనాజా లేదు, ఖబర్ లేదు. ఫోటో కూడా లేదు.

ఆ సాయంత్రం ఐదింటికి నిజాం సైన్యం కాల్పులు ఆపింది. నిజాం రేడియోలో మాట్లాడాడు, లాయఖ్ అలీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. మర్నాడు, అంటే 18న, జనరల్ ఎల్ ఎద్రూస్ వచ్చి జనరల్ చౌధురీ ముందు లొంగిపోయాడు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. అమ్మీకి ఇవేవీ తెలియదు. ఆమెకు తెలిసింది, ఆ రాత్రి పక్కింటి లింగాయతుల అవ్వ గోడ దూకినంత పనిచేసి వచ్చి నానీని, పిల్లల్ని జొన్న చేల మీదుగా తన అన్న ఊరికి తీసుకుపోవడం. జొన్న అప్పటికి తలమునిగేంత ఎత్తు. అవ్వ అమ్మీ నుదుటి మీద విభూతి పూసింది, ఒక పేరు పెట్టింది. ఎవరైనా అడిగితే ఆ పేరే చెప్పాలి. పదకొండు రోజులు అమ్మీ ఆ పేరుతో ఉంది. "మీ నాయన నా కొడుకు పెండ్లి అంగీ కుట్టినోడు" అని అవ్వ నానీతో అనేదంట, అదేదో అప్పు తీరుస్తున్నట్టు.

తిరిగొచ్చేసరికి ఇల్లు దోచేశారు. మిషన్ లేదు. గాదె వెనక మూట కూడా లేదు. అన్ని పోయినవాటికీ ఏడ్చిన నానా, ఆ మూట గురించి మాత్రం "పోనీ" అన్నాడంట. బక్రీద్‌కి నెల కూడా లేదు అప్పటికి. ఆ ఏడు ఖుర్బానీ చెయ్యలేదు.

మా బిడ్డ అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది. "నానీ, మరి అది లిబరేషనా, కాదా?"

"ఆ జొన్నలు ఎవరివో వాళ్లని అడుగు, వాళ్లకి రిహాయీయే" అంది అమ్మీ. "నన్నడిగితే నేను జుమా అంటా."

నేను ఆ రాత్రి పడుకోలేదు. ఇదివరకు చదివినవే మళ్లీ తీశాను, ఈసారి వేరే కళ్లతో. పోలీస్ యాక్షన్ తర్వాత ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం 16 జిల్లాల్లో 9 తిరిగి చూసింది. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 నుంచి 40 వేల మంది అని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో అందరికన్నా ఎక్కువ. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం చేతికి రాలేదు. అదే నివేదికలో ఇంకో మాట ఉంది, నేను గతంలో రాసినప్పుడు దాటేసిన మాట. చాలాచోట్ల హిందువులు తమ ప్రాణాలకు తెగించి ముస్లిం పడోసీలను కాపాడారు, ముఖ్యంగా ఒకే వృత్తివాళ్లు, హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లకు అడ్డం నిలబడ్డారు అని. అవ్వ నాకు అక్కడ కనిపించింది.

ఇంకోటి కూడా దాటేస్తూ వచ్చాను. 1948 ఆగస్టు నెల. ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్, పేరుకు తగ్గట్టు మనవాడే, రజాకార్ల జుల్మ్ మీద, రాజ్యం భారత్‌లో కలవాలని రాసినందుకు ఆయన్ని నడివీధిలో చంపారు. రాసిన చేతిని నరికారు. అదే నెలలో భైరాన్‌పల్లి బురుజు దగ్గర ఊరివాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. షోయబుల్లా ఖాన్ పేరు మన మహఫిళ్లలో ఎన్నిసార్లు తీసుకుంటాం? నా పాత వ్యాసాల్లో వెతికాను. ఒక్కసారీ లేదు. పోలీస్ యాక్షన్ రాసేటప్పుడు సెప్టెంబర్ 13తో మొదలుపెట్టేదాన్ని. ఆగస్టు నాకు అక్కర్లేదు అప్పుడు.

పెద్ద మామూ భైరాన్‌పల్లిలో లేడు, అది చాలా దూరం. కానీ ఆ మూట ఎవరి ఇంట్లోంచి వచ్చింది, ఇవ్వనన్నవాళ్లని ఏం చేశారు అన్నది ఆ పెరట్లో పూడ్చిన అంగీకే తెలుసు. ఆయన కోసం మగ్‌ఫిరత్ దువా చేస్తాను. ఆయన్ని మజ్లూమ్ అని మాత్రం ఇక పూర్తిగా అనలేను. ఆయన్ని చంపినవాళ్లు అదాలత్‌కి తీసుకుపోలేదన్నది కూడా అంతే నిజం.

ఆదివారం చార్టు దగ్గర మా ఇంట్లో పంచాయతీ. బిడ్డ రాసుకున్న వాక్యం ఇది: 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ రోజు మా నానీ అన్న ఇంటికి రాలేదు. ఆయన రజాకార్. మా నానీని పక్కింటి అవ్వ కాపాడింది.

మూడో వాక్యం కొట్టెయ్యమని పిల్లల అబ్బా అన్నారు. ఆయన భయం నాకు తెలుసు. చార్టు గోడకు పెడతారు, పిల్లలు చదువుతారు, వాళ్ల ఇళ్లలో చెబుతారు. రేపటి నుంచి బిడ్డను ఏమని పిలుస్తారో? నేనూ అదే అనుకున్నాను, నిజం చెప్పాలంటే ఆయన కన్నా ఎక్కువగానే. మధ్యే మార్గంగా మొత్తం తీసేసి మొదటి వాక్యం ఒక్కటే ఉంచుదామన్నాను. బిడ్డ అమ్మీ వైపు చూసింది. అమ్మీ కళ్లద్దాలు తెప్పించుకుని, తెలుగు చదవడం రాదు కాబట్టి, చదివి వినిపించమంది. విన్నది. "జొన్నల మూట రాయలేదే?" అంది.

చోటు లేదని బిడ్డ చెప్పింది. చీతా ఎక్కువ జాగా తినేసింది.

సోమవారం పొద్దున ఆ నాలుగు వాక్యాలతోనే చార్టు చుట్టుకుని స్కూలుకు పోయింది. సాయంత్రం దాకా నా పని పని కాదు. రెండుసార్లు స్కూలుకు ఫోన్ చేద్దామని తీసి పెట్టేశాను. నాలుగున్నరకి వచ్చింది, బూట్లు విప్పకుండానే అన్నం అడిగింది. ఏమైందంటే, టీచర్ అందరివీ చదివించిందంట. దీనిది చదివాక క్లాసులో ఎవరూ మాట్లాడలేదంట. ఆ అబ్బాయి మాత్రం లంచ్‌లో వచ్చి, మా తాత వాళ్ల ఊళ్లో కూడా ఇట్లాంటివి ఉన్నాయంట, అడిగి చెప్తా అన్నాడంట. ఇంతవరకు చెప్పలేదు. మార్కులు పదికి తొమ్మిది. అశ్విన్ పుట్టింది 1986 అయితే 1987 అని రాసిందని ఒక మార్కు కట్. దాని మీద మాత్రం రెండు రోజులు ఏడ్చింది.

ఆ చార్టు ఇప్పుడు అమ్మీ మంచం తల వైపు గోడకు ఉంది. ఇదివరకు పెద్ద మామూ పేరిట షబే బరాత్‌కి మాత్రమే ఫాతిహా ఇచ్చేది. ఇప్పుడు సెప్టెంబర్ 17 పొద్దున కూడా ఇస్తోంది, ఖీర్ వండిస్తుంది. సాయంత్రం కేకు. ఆ విభూతి రోజుల్లో అవ్వ పెట్టిన పేరు ఏంటని ప్రతి ఏడూ బిడ్డ అడుగుతుంది. అది అవ్వ అమానత్ అంటుంది, చెప్పదు. పోయినసారి ఖీర్ గిన్నె ఫ్రిజ్‌లో పెడుతుంటే కేకు డబ్బాకి చోటు చాలలేదు. అమ్మీయే లేచొచ్చి గిన్నె పక్కకు జరిపి, కేకు లోపలికి తోసింది.